పాథేయము – ప్రసాదము

తీర్థయాత్ర వైష్ణవునకు గొప్ప భాగ్యము. ఆళ్వారులు మంగళాశాసనము చేసిన 108 దివ్యదేశములలో క్షీరాబ్ధి, పరమపదము అను రెండింటిని విడిచినచో తక్కిన 106 ఈ భూమిమీదనే వెలసియున్నవి. వానిలో సాలగ్రామక్షేత్రమగు ముక్తినాథము నేపాళమునందును, మిగిలిన 105 భారతదేశమునందును కలవు. ఆంధ్రదేశమున తిరుమల, అహోబిలము అను రెండే ఉండుటచేత, అన్నింటిని సేవింపగోరు తెలుగువాడు వారములు, ఒక్కొక్కప్పుడు నెలలు ఇల్లు విడిచి తిరుగక తప్పదు.

ఇట్టి దీర్ఘయాత్రలు చేసివచ్చిన వారిని ఒక్కమారు పలుకరింపుడు. ప్రయాణపు బడలిక, మంచుకొండల చలి, జనసమ్మర్దము, వీనిని గూర్చి వారు నవ్వుచునే చెప్పుదురు. "ఇంటి చారునీళ్ళకు మొగము వాచిపోయినాము" అను మాట వచ్చునప్పటికి మాత్రము వారి గొంతు మారును. పది దినములు గడచిన పిదప కలలో సైతము గోంగూర పచ్చడి కనబడినదని చెప్పినవారు కలరు. పిల్లలు ఇది విని నవ్వుదురు. కొందఱు పెద్దలు "భగవద్దర్శనమునకు పోయియు నాలుకను జయింపలేకపోయితివా?" అని గద్దింతురు. నవ్వుటయు గద్దించుటయు రెండును తొందరపాటే అని నా మనవి. ఈ బెంగ ఎక్కడినుండి పుట్టుచున్నది, దానిని ఏమి చేసికొనవలెను అను విషయములను మన పూర్వుల మాటలనుబట్టి కొంత విచారింతము.

దారిలో తినుటకు కట్టుకొనిపోవు ఆహారమును తెలుగున దారిబత్తెమందుము. సంస్కృతమున దానికి పాథేయమని పేరు. పాణిని మహర్షి అష్టాధ్యాయి నాలుగవ అధ్యాయమున ఈ శబ్దమును సాధించిన తీరు గమనింపదగినది. పథి, అతిథి, వసతి, స్వపతి అను నాలుగు శబ్దములకు ఒకే సూత్రమున ఒకే ప్రత్యయమును ఆయన విధించెను. దారికి తగినది పాథేయము. అతిథికి తగినది ఆతిథేయము. నివాసమునకు తగినది వాసతేయము. ధనికునకు తగినది స్వాపతేయము, అనగా ధనము. శబ్దరూపము కొఱకే ఆయన ఈ నాలుగింటిని ఒకచోట చేర్చెను గాని యాత్రికుని దృష్టిలో ఉంచుకొని కాదు. అయినను యాత్రకు బయలుదేరువానికి కావలసినవి ఈ నాలుగే గదా! దారికి తిండి, ఆదరించు గృహస్థు, తల దాచుకొనుటకు చోటు, చేతిలో నాలుగు రూకలు. వీనిలో మూడింటిని నేడు రైళ్ళును, సత్రములును, బ్యాంకులును చాలవఱకు సమకూర్చుచున్నవి. ఆదరణ యొక్కటియే వెల యిచ్చి కొనుటకు లొంగకున్నది. ఇంటి వంటకై బెంగ అని మనము చెప్పుకొనునది నిజమునకు పాథేయము లోపించుటవలన కలిగినది కాదు. ఆతిథేయము లోపించుటవలన కలిగినది.

దీనికి నిదర్శనము చూడుడు. కాశి మొదలగు పెద్ద క్షేత్రములలో నేడు తెలుగు భోజనము దొరకు సత్రములు కలవు. పప్పు, కూర, చారు, పెరుగు అన్నియు మనవే. యాత్రికుడు కడుపునిండ తిని, చేయి కడుగుకొని, "బాగుగనే ఉన్నది గాని ఇంటి వంట కాదు" అనును. ఉప్పుకారములలో లోపమేమియు లేదు. మఱి లేనిది ఏది? వానికి వంకాయ పడదని ఎరిగిన మనిషి అక్కడ లేదు. నిన్న ఒళ్ళు వెచ్చబడినది గనుక నేడు మిరియాల చారు కాచవలెనని తలచినవారు లేరు. "ఇంకొక్క ముద్ద" అని బ్రతిమాలువారు లేరు. వడ్డించువాడు పంక్తిలో నూరుగురికి వడ్డింపవలెను. ఒక్కొక్కరి ముఖము చూచుటకు వానికి తీరిక యెక్కడిది?

రుచియే కారణమైనచో మఱియొక సంగతి తలచుకొనవలెను. మనము ఇంటి రుచి యని ప్రాణము పెట్టుకొనిన మిరపకాయ ఈ దేశపు పంట కాదు. అమెరికా ఖండమున పుట్టి 16వ శతాబ్దిలో పోర్చుగీసువారి ఓడలమీద మనకు వచ్చినది. అంతకుముందు మన పెద్దలకు కారమనగా మిరియమే. బంగాళాదుంప, టమాటాలు కూడ అట్లే కడలి దాటి వచ్చినవి. పూరీ జగన్నాథుని వంటశాలలో నేటికిని బంగాళాదుంపకు, టమాటాకు ప్రవేశము లేదు. మన తాతల తాతలు ఎఱ్ఱని ఊరగాయ యెట్లుండునో ఎరుగకయే ఇంటి వంటకై బెంగ పెట్టుకొని యుందురు. కావున ఇంటిలో వండు వస్తువులు తరతరమునకు మారుచు వచ్చినవి. వండి పెట్టు చేయి, ఆ చేతి వెనుకనున్న ప్రేమ మారలేదు. యాత్రికుడు తలచుకొనుచున్నది దానినే.

అన్నమునకును అన్నము పెట్టిన చేతికిని సంబంధము కలదని మన సిద్ధాంతము. భగవద్రామానుజులు శ్రీభాష్యారంభమున ఉపాసకునకు కావలసిన ఏడు సాధనములను వాక్యకారుని మతము ననుసరించి వివరించిరి. వివేకము, విమోకము, అభ్యాసము, క్రియ, కల్యాణము, అనవసాదము, అనుద్ధర్షము అనునవి ఆ ఏడు. మొదటిదగు వివేకమనగా మంచి చెడ్డల విచారణ అని మనము అనుకొందుము. అచట దాని అర్థము ఆహారశుద్ధివలన కలుగు దేహశుద్ధి. ఆహారమునకు మూడు విధముల దోషము రావచ్చును. ఉల్లి, వెల్లుల్లి మొదలగు వానికి స్వభావము చేతనే వచ్చునది జాతిదోషము. ఆ అన్నము ఎవరిదో వారి నడవడినిబట్టి వచ్చునది ఆశ్రయదోషము. వెంట్రుక మొదలగునవి పడుటచే వచ్చునది నిమిత్తదోషము. ఈ మూడింటిలో నడిమిదానిని కొంచెము ఆలోచింపుడు. పెట్టినవాని గుణము అన్నమున ప్రవేశించుననియే గదా దాని భావము! దోషము ప్రవేశింపగలిగినప్పుడు ప్రేమ ప్రవేశింపదా? తల్లి చేతి అన్నమునకు వేఱొక రుచి కలదని మనము అనుకొనుట భ్రమ కాదు.

శ్రీకృష్ణుడు పాండవుల దూతయై హస్తినాపురమునకు వచ్చినప్పుడు దుర్యోధనుడు గొప్ప విందు సిద్ధము చేయించెను. స్వామి దానిని ముట్టలేదు. ఎందులకని అడిగినప్పుడు ఆయన యిచ్చిన సమాధానము భారతము ఉద్యోగపర్వమున ఉన్నది. పరుల అన్నము తినుటకు రెండే హేతువులు ఉండునట. పెట్టువానికి ప్రేమ ఉండుట ఒకటి. తినువానికి ఆపద కలుగుట రెండవది. దుర్యోధనునకు తనయందు ప్రేమ లేదు. తనకా ఆపద లేదు. కావున ఆ విందు తనకు తగదని చెప్పి విదురుని యింటికి పోయి భుజించెను. విదురుడు రాజభవనపు పంచభక్ష్యములను పెట్టినవాడు కాడు. ఆయన పెట్టినది ప్రేమాన్నము.

ఈ రెండు హేతువులను మన యాత్రకు అన్వయించుకొందము. ఇంటిలో మనము తినునది ప్రేమాన్నము. దారిలో, రైలులో, అంగడిలో తినునది ఆపదన్నము. ఆకలి తీరుటకు మాత్రమే తినునది. ప్రేమాన్నమునుండి ఆపదన్నమునకు మారుటయే యాత్రికుని బాధకు మూలము. అయితే వైష్ణవుని అదృష్టమేమనగా, ఈ రెండింటికి నడుమ వానికి మూడవది యొకటి ఉన్నది. అది ప్రసాదము. దానిలో పెట్టువాడు భగవంతుడు. క్షేత్రమునకు గృహస్థు ఆయనయే. ఆయన వాకిట నిలిచినవాడు అతిథి.

తిరుమల ఆలయమున పోటునకు చేరువనే వకుళమాత సన్నిధి ఉన్నది. శ్రీకృష్ణుని కల్యాణము చూడలేకపోయితినని వగచిన యశోదయే వకుళమాతగా వచ్చి శ్రీనివాసునకు కల్యాణము చేయించెనని వేంకటాచల మాహాత్మ్యము చెప్పుచున్నది. స్వామి ఆరగింపునకై వండు అన్నమును ఆ తల్లి నేటికిని కనిపెట్టియుండునని భక్తుల విశ్వాసము. లోకములకెల్ల అన్నము పెట్టు ప్రభువు సైతము తల్లి చూచి పంపిన అన్నమును తినుచున్నాడను ఈ భావన యెంత మధురమైనది! ఆ కొండమీద 1985వ సంవత్సరము ఏప్రిల్ 6వ తేదీన నిత్యాన్నదానము మొదలైనది. 2011లో నిర్మాణమై ప్రారంభమైన అన్నప్రసాదభవనమునకు స్వామి భక్తురాలగు తరిగొండ వెంగమాంబ పేరు పెట్టిరి. అచట పంక్తిలో కూర్చుండి ముద్ద నోట పెట్టుకొనునప్పుడు "ఇది మా యింటి పప్పు వలె లేదు" అను తలపు వచ్చినచో, వెంటనే "ఇది నా తండ్రి యింటి పప్పు" అను తలపును దానికి జోడింపుడు. ఆపదన్నము ప్రేమాన్నము కాగల ఉపాయమిదియే.

ఇంటిని తలచుకొనుట దోషమని ఎవరైన అన్నచో వారికి శ్రీరామాయణమును చూపవచ్చును. సుమంత్రుడు సీతారామలక్ష్మణులను విడిచి తిరిగివచ్చిన తరువాత కౌసల్య వలపోతలో రాజ్యమును గూర్చిన మాటలకంటె హృదయమును తాకునవి తిండిని గూర్చిన మాటలు. మంచి వంటకములు తిని పెరిగిన సీత అడవి నివ్వరి బియ్యపు కూడు ఎట్లు తినునోయని ఆ తల్లి కుమిలినది. శ్రీరాముడా, గంగాతీరమున గుహుడు భక్ష్యభోజ్యములన్నియు తెచ్చి యెదుట నిలిచినప్పుడు వానిని కౌగిలించుకొని, వాని ప్రేమను గ్రహించి, వ్రతమందున్నవాడగుటచే ఆహారమును మాత్రము గ్రహింపక, గుఱ్ఱములకు మేత పెట్టుమనెను. ఆ రాత్రి లక్ష్మణుడు తెచ్చిన నీరే ఆయన ఆహారము. ప్రేమ అందినచో అన్నము లేకున్నను తృప్తి కలుగునని దీనివలన తెలియుచున్నది.

ఆ రాముడే పంచవటిలో హేమంతఋతువున ఒక వేకువను గోదావరికి స్నానమునకు పోవుచు, లక్ష్మణుడు భరతుని ప్రస్తావన తెచ్చినప్పుడు, తన మనస్సు మరల చలించుచున్నదని చెప్పుకొనెను. ఆయనకు జ్ఞప్తికి వచ్చినది భరతుని తియ్యని మాటలు. వనవాసదీక్షలో నున్న పురుషోత్తమునకు సైతము ఇంటి తలపు వచ్చినది. కాని ఆ తలపు వచ్చినదని ఆయన దీక్షను విడువలేదు. కైకేయిని నిందింపబోయిన తమ్ముని నోరు మూయించెను. ఇచట భరతుని మాట కూడ మఱువరాదు. ఆయన నందిగ్రామమున జడలు ధరించి, పదునాలుగేండ్లు ఫలమూలములే తినెను. ఇంటినుండి పోయినవానికే కాదు, ఇంటనున్నవానికి కూడ ఇంటి వంట రుచింపలేదు. మనము యాత్రలో ఉండగా మన యింటివారు మన పీటవైపు చూచి ఒక ముద్ద తక్కువ తినుచుందురు. ఆ సంగతి తలపునకు వచ్చినప్పుడు మన బెంగలోని స్వార్థము కొంత కరుగును.

ఉత్తరయాత్రలో బదరి కడు కష్టమైన చోటు. అక్కడి అన్నము ఉడుకలేదనియు, పప్పు పలుకుగా నున్నదనియు మనవారు వంటవానిమీద కోపింతురు. దోషము వానిది కాదు. బదరీనాథము సముద్రమట్టమునకు మూడువేల మీటర్లకు పైగా ఎత్తున ఉన్నది. ఎత్తునకు పోయినకొలది గాలియొత్తిడి తగ్గును. నీరు తక్కువ వేడిమికే మరుగును. మన ఊరిలో 100 డిగ్రీలవద్ద మరుగు నీరు అచట సుమారు 90 డిగ్రీలకే మరుగును. ఆ మరుగులో పప్పు మెత్తబడుటకు చాలసేపు పట్టును. ఆ క్షేత్రమున స్వామిని అర్చించు రావల్ కేరళదేశపు నంబూద్రి బ్రాహ్మణుడు, బ్రహ్మచారి. కొబ్బరితోటల నడుమ పుట్టినవాడు మంచుకొండల నడుమ, గుడి తలుపులు తెరచియుండు ఆరు మాసములును స్వామిసేవలో ఉండును. మనము నాలుగు దినములకే సణుగుచున్నాము. ఆయన సంవత్సరము వెంబడి సంవత్సరము ఆ కైంకర్యమును నడపుచున్నాడు. బదరిలో పప్పు పలుకుగా ఉన్నదని అనునప్పుడు ఆ అర్చకుని తలచుకొనుట మంచిది.

ఇంతవఱకు ఈ బెంగ తప్పు కాదని చెప్పితిని. ఇక అది ఎప్పుడు తప్పగునో చెప్పవలెను. రామానుజులు వివరించిన ఏడు సాధనములలో ఆరవది అనవసాదము. దేశకాలములు ప్రతికూలమైనప్పుడును, దుఃఖమును రేపు వస్తువులను పదే పదే తలచినప్పుడును మనస్సు దీనమై వెలుగును కోల్పోవును. దానికి అవసాదమని పేరు. అట్టి దైన్యము లేకుండుట అనవసాదము. దీనికి తోడైన ఏడవది అనుద్ధర్షము. అనుకూలత కలిగినప్పుడు మితిమీరి పొంగకుండుట. చూడుడు, మొదటి సాధనమగు ఆహారశుద్ధిని పట్టుకొని ఆరవదానిని జారవిడుచు యాత్రికులు ఎందఱు! "అక్కడ తినరాదు, ఇక్కడ త్రాగరాదు" అను నియమము చక్కగా నడచును. దానితోపాటు ముఖము ముడుచుకొనుట, తోటివారిమీద చిటపటలాడుట, సన్నిధిలో నిలిచి సత్రపు కూరను గూర్చి మాటలాడుట కూడ నడచును. ఏడింటిని కలిపి చెప్పిన ఆచార్యులు ఒకటి చాలునని చెప్పలేదు.

ఈ అవసాదము ఒక్కొక్కప్పుడు ఇతరుల యాత్రను కూడ హరించును. కొన్ని సంవత్సరముల క్రిందట ఒక బృందముతో కలిసి దేవప్రయాగలో దిగితిని. అలకనందా భాగీరథులు కలిసి గంగయను పేరు పొందు ఆ సంగమము దివ్యదేశము. అచటి స్వామి రఘునాథుడు. ధర్మశాలలో రొట్టెలును బంగాళాదుంప కూరయు పెట్టుచుండిరి. మూడవ దినమునకే పురుషులు "ఇక మా వల్ల కాదు" అనిరి. బియ్యము, కందిపప్పు, చింతపండు తెప్పించిరి. బృందములోని నలుగురు స్త్రీలు పెరటిలో పొయ్యి పెట్టి వంటకు పూనుకొనిరి. అందఱును తృప్తిగా భుజించి, సాయంకాలము సంగమమునకు పోయిరి. ఆ నలుగురు మాత్రము గిన్నెలు తోముచు అచటనే ఉండిరి. వారిలో పెద్దామెను "అమ్మా, మీరు రారా?" అని అడిగితిని. ఆమె చేతులు కడుగుకొని యిట్లనెను:

"స్వామీ, ఇంట్లో నలభై ఏళ్ళ నుంచి వండి పెడుతూనే ఉన్నాను. ఈ యాత్రలో ఎవరో రొట్టెలు కాల్చి వడ్డిస్తే కూర్చుని తిన్నాను. ఆ రెండు రోజులు నాకు ఎంత సుఖంగా ఉన్నదో ఏమని చెప్పను! మళ్ళీ పొయ్యి దగ్గరికే వచ్చాను. ఇక్కడి నుంచి గంగ చప్పుడు వినబడుతూనే ఉన్నది."

ఆ రాత్రి గోష్ఠిలో నేను వేఱు ప్రసంగము చేయక ఈ మాటలనే వినిపించితిని. మరునాటి ఉదయము ఆ నలుగురును సంగమస్నానము చేసి, రఘునాథుని తనివితీర సేవించి, నెమ్మదిగా మరలివచ్చిరి. ఆ పూట అందఱును రొట్టెలే తినిరి. ఎవరికిని ఏ లోటును రాలేదు.

గృహస్థులారా, ఈ సంగతిని మనస్సున నాటుకొనుడు. మనము ఇంటి వంటకై బెంగపడుచున్నామనగా మనకు వండి పెట్టువారు ఒకరు ఉన్నారని అర్థము. ఆ వండిపెట్టు ఇల్లాలికి అట్టివారు ఎవరు? ఆమె తన చేతివంటనే చివరి పంక్తిలో తానే వడ్డించుకొని తినుచున్నది. యాత్ర ఆమెకు పరులు పెట్టిన ముద్ద తినుటకు దొరకు ఒక్క అవకాశము. దానిని మన నాలుక కొఱకు లాగుకొనుట ధర్మము కాదు.

మన ఆచార్యులకు దీర్ఘప్రవాసము క్రొత్త కాదు. చోళరాజు బాధ కారణముగా రామానుజులు శ్రీరంగమును విడిచి, కొద్దిమంది శిష్యులతో పశ్చిమపు అడవులబడి పోయిన వృత్తాంతమును గురుపరంపరా గ్రంథములు చెప్పుచున్నవి. గాలివానలో తిండిలేక అలసిన ఆ బృందమునకు మొదట ఆహారమిచ్చినవారు అడవిలోని వేటగాండ్రు. వారిచ్చినది తేనెయు కొఱ్ఱపిండియు. పిదప ఒక యూరిలో ఒక యిల్లాలు వారిని తన యింటికి పిలిచెను. ఆమె కొంగుపిరాట్టియని ప్రసిద్ధురాలు. తన ఊరిలో కఱవు వచ్చిన కాలమున ఆమె శ్రీరంగమునకు పోయి, రామానుజులవద్ద ఉపదేశము పొంది, ఆయన పాదుకలను తెచ్చుకొని, అన్నము వండిన ప్రతిదినమును ఆ పాదుకలకు నివేదించుచుండెను. తన యెదుట నిలిచినవారు ఆ ఆచార్యులే అని ఆమె మొదట ఎరుగదు. ఇట్లు, ఎన్నడో తాము ఇచ్చిన ఉపదేశమే ఎక్కడనో పాథేయమై ఎదురువచ్చినది. రామానుజులు తరువాత మేలుకోటలో సుమారు పండ్రెండు సంవత్సరములు గడపిరని సంప్రదాయము. అంతకాలము శ్రీరంగనాథుని ఎడబాసియు ఆయన దైన్యమునకు లోబడలేదు. తిరునారాయణుని ఆలయమును చక్కదిద్ది, ఆరాధన నడపించిరి. ఎడబాటును కైంకర్యముగా మార్చుకొనుట అనగా ఇదియే.

శ్రీరంగమున ఇంకొక సంప్రదాయము కలదు. ఢిల్లీ సుల్తాను కుమార్తె యొకతె స్వామి ఉత్సవమూర్తియందు ప్రేమ కలదియై, ఆయన వెంట దక్షిణమునకు వచ్చి, ఆయనయందే లీనమైనదని చెప్పుదురు. ఆమెకు తులుక్క నాచ్చియారని పేరు. ఆలయ ప్రాకారమున చిత్రరూపమున ఆమె సన్నిధి ఉన్నది. అన్నము, పులియోదర, పొంగలి నివేదనమగు ఆ ఆలయమున ఆమె కొఱకు గోధుమరొట్టెలును వెన్నయు నివేదనమగుచున్నవి. దూరదేశమునుండి వచ్చిన బిడ్డకు తన యింటి రుచి లోటు కాకూడదని స్వామి సన్నిధిలోనే ఏర్పాటు! ఇంటి వంటపై మమకారమును భగవంతుడే ఇంతగా మన్నించినప్పుడు మనము దానిని ఎట్లు నిందింపగలము? అయితే దీనిలోని ఉపదేశమును సరిగా గ్రహింపవలెను. ఆమె రొట్టెలు కావలెనని అడిగినట్లు చెప్పరు. ఆదరించువారే ఆమె అవసరమును కనిపెట్టిరి. తిరుమలకు నేడు గంగాతీరమునుండియు, మరుభూమినుండియు వచ్చు యాత్రికులు కోకొల్లలు. బదరిలో మనకు అన్నము ఎట్లో వారికి తిరుమలలో రొట్టె అట్లు. మన యూరి సత్రములోనో మన యింటిలోనో అట్టివాడు తారసపడినచో రెండు రొట్టెలు కాల్చి పెట్టుట పెద్ద కైంకర్యము.

పోతన భాగవతమును చదివిన తెలుగువారికి గోపబాలకుల చల్దుల ఘట్టము సుపరిచితము. ఆ బాలకులు ఇండ్లనుండి చిక్కములలో చల్దులు తెచ్చుకొనిరి. యమున యొడ్డున కృష్ణుని నడుమ కూర్చుండబెట్టుకొని, ఎవరి మూట వారు విప్పి, ఎవరి యింటి రుచిని వారు తక్కినవారికి చూపించుచు, నవ్వుచు తినిరి. యజ్ఞభోక్తయగు పరమాత్మ వారితో కలిసి చేతిలో పెరుగన్నపు ముద్ద పట్టుకొని ఆరగించెను. వారిలో ఒక్కరైన మూటను ప్రక్కకు దాచుకొని తిన్నవారు లేరు. ఇంటి వంటను అడవికి కొనిపోయినప్పుడు దానిని ఎట్లు తినవలెనో మనకు నేర్పినవారు ఆ పసివారు.

కావున దీర్ఘయాత్రకు పోవువారికి నాలుగు మాటలు మనవి చేసెదను. మొదటిది: ఇంటినుండి చెడిపోని వస్తువులు కొన్ని కట్టుకొనిపొండు. పేలపిండి, అటుకులు, కందిపొడి, చింతపండు పులుసుతో కలిపిన పులిహోరపిండి, ఇవి చాలును. ప్రయాణమునకు పులిహోర కట్టుట పెద్దలు ఊరక పెట్టిన ఆచారము కాదు; చింతపండు పులుపు, నూనె అన్నమును త్వరగా పాడుకానీయవు. రెండవది: ఆ మూటను ఒంటరిగా విప్పకుడు. పంక్తిలో అందఱికి ఒక్కొక్క చెంచాడు పంచుడు. మూట త్వరగా తరుగును, బెంగ కూడ తరుగును. మూడవది: సంప్రదాయమునకు తగినంత శుద్ధమగు ఏ ఆహారము దొరకినను, దానిమీద ఒక తులసీదళముంచి మనస్సున స్వామికి నివేదించి తినుడు. తులసి దొరకనిచో ద్వయమంత్రానుసంధానమే చాలును. నివేదింపబడినదానిని నిందించుటకు మనకు నోరు రాదు. నాలుగవది: వంట చేయవలసియే వచ్చినచో పనిని అందఱును పంచుకొనుడు. కూర తరుగుట, నీరు తెచ్చుట, గిన్నె తోముట పురుషులకు అవమానము కాదు. తదీయారాధనమనగా భాగవతులకు చేయు సేవయే గదా!

చదువుకొఱకును ఉద్యోగముకొఱకును విదేశములలో ఏండ్లతరబడి ఉన్న మన బిడ్డలది ఇంకొక విధమగు యాత్ర. వారికి దర్శింపవలసిన క్షేత్రము లేదు, తిరుగుప్రయాణపు తేదీ తెలియదు. రాత్రి పని ముగించుకొని వచ్చి ఒంటిగదిలో కుక్కరు పెట్టుకొను కుమారుడు "అమ్మా, చారులో పోపు ఎప్పుడు వేయవలె?" అని ఫోనులో అడుగును. వాడడిగినది పోపును గూర్చి మాత్రమే అని తలపకుడు. ఆ తల్లులకు నేను చెప్పునదొక్కటే. పోపు సంగతి చెప్పుడు. దానితోపాటు "ముందు స్వామికి చూపించి తిను" అని కూడ చెప్పుడు. మీ యింట మీరు తళిగ సమర్పించు స్వామియే వాని గదిలోను ఉన్నాడు. ఒకే స్వామి శేషమును ఇద్దఱును తినుచున్నారు గనుక, నడుమ ఎన్ని సముద్రములున్నను తల్లియు బిడ్డయు ఒకే పంక్తిలో ఉన్నట్లే.

ఇక తిరిగి యింటికి వచ్చిన దినమును గూర్చి ఒక మాట. గడప దాటి లోనికి రాగానే ఆవకాయ కొఱకు కేక వేయుట ఉద్ధర్షము. ఏడవ సాధనమునకు భంగము. కాళ్ళు కడుగుకొని, క్షేత్రములనుండి తెచ్చిన తీర్థప్రసాదములను పెరుమాళ్ళ సన్నిధిలో ఉంచి, ముందుగా వంటింటివారికి అందింపుడు. ఇన్ని దినములు మీరు తలచుకొన్నది ఎవరి చేతినో వారికి నోటితో చెప్పుడు. నలుబది సంవత్సరములు తినియు ఒక్కనాడైన చెప్పని మాట అది. ఒక పూట ఆమెను కూర్చుండబెట్టి మీరే వడ్డింపుడు. యాత్ర ఫలించినదనుటకు అంతకంటె గుర్తు వేఱొకటి నాకు తెలియదు.

ఇల్లాలి చేతి ముద్దలోను, సత్రపు రొట్టెలోను, ఆలయపు ప్రసాదములోను మనకు అన్నము పెట్టుచున్నవాడు ఒక్కడే అను జ్ఞానమును అలమేలుమంగాసమేతుడగు శ్రీనివాసుడు చదువరులకెల్లరకు అనుగ్రహించుగాక!

శుభమస్తు.